రొయ్యల చెరువులకు తిరిగిన పాత ఫైబర్ పడవ: వైరింగ్ అతుకులు వేయాలా, మొత్తం మార్చాలా?

రాజోలు తోట: మా మేనమామగారు రొయ్యల చెరువులకు తిరగడానికి వాడిన పద్దెనిమిది అడుగుల ఫైబర్ పడవ కొన్నేళ్లుగా కొబ్బరితోటలోని పాకలో పడి ఉంది. దానిని బాగుచేయించి, సెలవులకు పిల్లలు వచ్చినప్పుడు దిండి నుంచి చించినాడ వంతెన వైపు, వీలైతే అంతర్వేది దాకా, వశిష్ఠ గోదావరిలో ఇంటిల్లిపాదినీ తిప్పాలని అనుకుంటున్నాము. లోపల బిగించిన డీజిల్ ఇంజన్ బాగానే ఉందని మెకానిక్ చెప్పాడు. అయితే వైర్లను అక్కడక్కడా ఎలుకలు కొరికేశాయి. సెల్ఫ్ కొట్టగానే దీపాలు మసకబారుతున్నాయి. నీరు తోడే పంపు తిరిగితే తిరుగుతుంది, లేకపోతే లేదు. ట్రాక్టర్లకు వైరింగ్ చేసే మా ఊరి ఎలక్ట్రీషియన్ తెగిన చోట అతుకులు వేస్తే చాలంటున్నాడు. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

గౌతమి గట్టు: అతుకులు వద్దండి, మొత్తం తీసేయించండి. కారణం మీరే చూడవచ్చు. ఏదైనా ఒక వైరు చివర అంగుళం మేర పైతొడుగు ఒలవండి. రాగి పోగులు నల్లగా ఉంటే మరో జానెడు కోసి మళ్లీ ఒలవండి. అక్కడ కూడా నలుపే కనిపిస్తే, ఉప్పు చెమ్మ పోగుల సందుల్లోంచి లోపలికంటా పాకిపోయిందని అర్థం. అటువంటి వైరుకు ఎంత మంచి అతుకు వేసినా అది కుళ్లిన కొమ్మకు కట్టిన కట్టే అవుతుంది. వేసవిలో పైనుంచి నీరు తగ్గి పోటుతో ఉప్పునీరు ఏటికి ఎదురెక్కే మన పాయల్లో ఇది అందరికీ ఎదురయ్యేదే.

ఇక మీ ఎలక్ట్రీషియన్ పనిమంతుడే కావచ్చు గాని, ట్రాక్టరు లెక్క పడవకు పనికిరాదు. ట్రాక్టరులో ఇనుప చట్రమే నెగెటివ్ తీగగా పనిచేస్తుంది కనుక ప్రతి దీపానికీ ఒక్క వైరు లాగి, రెండోది బాడీకి తగిలిస్తారు. ఫైబర్ పడవలో అలా ఇంజన్ బాడీకి ఎర్త్ ఇస్తే, ఎక్కడైనా కరెంటు లీకైనప్పుడు అది షాఫ్టు (ఇంజన్ నుంచి ఫ్యానుకు వెళ్లే ఇరుసు) మీదుగా నీటిలోకి దారి చూసుకుని, నీటిలో తిరిగి పడవను నెట్టే ఫ్యానును, షాఫ్టును తినేస్తుంది. ఇత్తడి ఫ్యాను రెక్కలు గులాబీ రంగుకు తిరిగి ఉంటే ఆ తినడం మొదలైనట్టే. అందువల్ల ప్రతి పరికరానికీ రెండు వైర్లు విడిగా లాగించి, నెగెటివ్‌లన్నింటినీ ఒకే రాగి పట్టీ మీద కలిపించండి.

వైరు తగరం పూత పూసిన సన్నపోగులది కావాలి. ఇళ్లకు వాడే ఒంటికడ్డీ తీగ ఇంజన్ అదురుకు లోపలే విరిగిపోతుంది. మందం లెక్కకట్టేటప్పుడు బ్యాటరీ నుంచి పంపు దాకా ఉన్న దూరం ఒక్కటే కాక, తిరిగి వచ్చే దూరం కూడా కలపాలి. 5 ఆంపియర్లు లాగే పంపుకు రానుపోను 8 మీటర్లు అనుకుంటే, 1 చదరపు మిల్లీమీటరు వైరులో 12 వోల్టులలో ముప్పావు వోల్టు దారిలోనే పోతుంది, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే ఆ నష్టం సుమారు 0.3 వోల్టుకు దిగుతుంది. చివర్లకు సోల్డరింగ్ కన్నా లగ్గులను (వైరు చివర తొడిగే లోహపు కొసలను) క్రింపు చేసి, అంటే గట్టిగా నొక్కి బిగించి, వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడిగించడం మేలు, ఎందుకంటే సోల్డర్ ఎక్కిన చోట పోగులు బిరుసెక్కి ఆ పక్కనే తెగుతాయి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. అది కాపాడవలసినది పరికరం కన్నా ముందు వైరును.

తాళ్లరేవు వాసి: పై సలహాతో నాకు పేచీ లేదు, కానీ వైరు కొనే ముందు పడవ ఒళ్లు చూసుకోవాలి. ఒక రూపాయి బిళ్లతో అడుగంతా, ముఖ్యంగా ఇంజన్ దిమ్మల దగ్గర, తడుతూ వెళ్లండి. ఖణీమని మోగితే మంచిదే. డొల్లగా పలికిన చోట ఫైబర్ పొరల లోపలి చెక్క నాని కుళ్లి ఉండవచ్చు. షాఫ్టు బయటికి వెళ్లే చోట నీరు లోపలికి రాకుండా దాని చుట్టూ దట్టించే గ్లాండు తాడు ఎండిపోయి ఉంటుంది, తప్పక మార్పించండి. నీటిమట్టానికి అడుగు దిగువన అంగుళం రంధ్రం పడితే నిమిషానికి 40 లీటర్లకు పైగా నీరు లోపలికి వస్తుంది. తోడే పంపు ఎంత ముఖ్యమో దీనిని బట్టి గ్రహించగలరు.

మరొక మాట: 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం యంత్రంతో నడిచే పడవలకు సర్వే, రిజిస్ట్రేషన్ గురించి నిబంధనలు పెట్టింది. సొంత విహారమే కదా అని వదిలేయకుండా, ముందుగానే విచారించండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన ఘోరం తరువాత గోదావరిలో పడవ అంటే అధికారులూ ఊరివారూ ఒక చూపు చూస్తున్నారు, చూడాలి కూడా. పిల్లలకు వారి కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లే కొనండి. పెద్దవారివి నీటిలో పడగానే మెడ మీదుగా జారిపోతాయి.

రాజోలు తోట: ఇద్దరికీ ధన్యవాదాలు. వైరు ఒలిచి చూశాను, జానెడు లోపల కూడా నలుపే. రెండు సందేహాలు మిగిలాయి. దీపాలు మసకబారడానికి కారణం బ్యాటరీయా, కేబుళ్లా? పంపును మెయిన్ స్విచ్చి తరువాత కలపాలా, ముందా?

గౌతమి గట్టు: ఇంజన్ ఆపి బ్యాటరీని కొన్ని గంటలు విశ్రాంతిగా ఉంచి మల్టీమీటరుతో చూడండి. 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. తరువాత ఒకరు సెల్ఫ్ కొడుతుండగా, మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజన్ బాడీ మీద పెట్టండి. అర వోల్టు దాటి చూపితే దోషం ఆ కేబుల్‌దో దాని లగ్గుదో. అక్కడ ఏమీ చూపకుండా బ్యాటరీయే 9.6 వోల్టుల దిగువకు పడిపోతుంటే బ్యాటరీ మార్చవలసిందే.

పంపును మెయిన్ స్విచ్చికి ముందే, తన సొంత ఫ్యూజుతో, నేరుగా బ్యాటరీకి కలపండి. రేవులో కట్టేసి మెయిన్ ఆపి మీరు ఇంటికి వెళ్లిపోయాక రాత్రి వాన కురిసినా, నీటి మీద తేలే ఫ్లోట్ స్విచ్చి పైకి లేచి పంపు దానంతటదే తిరగాలి. పని పూర్తయ్యాక అడుగున నాలుగు బిందెల నీళ్లు పోసి, మెయిన్ ఆపి ఉంచి, అది తిరుగుతుందో లేదో ఎలక్ట్రీషియన్ ఎదుటే చూసుకుని డబ్బులివ్వండి.