ఆమ్లోడిపిన్ వాడితే రక్తనాళాల్లోని సున్నం కరుగుతుందా?

ఉదయగిరి మెట్టవాసి:
మా నాన్నగారికి 68 ఏళ్లు. ఆరేళ్లుగా బీపీకి ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర వాడుతున్నారు. మొన్న నెల్లూరులో సీటీ స్కాన్ తీయిస్తే గుండె రక్తనాళాల కాల్షియం స్కోరు, అంటే వాటి గోడల్లో పేరుకున్న సున్నం కొలత, 210 అని వచ్చింది. కాల్షియాన్ని అడ్డుకునే మాత్ర అన్నారు కదా, మరి ఇంత సున్నం ఎలా పేరుకుందని ఆయన అడుగుతున్నారు. మా బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతుంది, చింతపండుతో తోమితే గాని వదలదు. నాళాల్లోనూ అదే జరిగిందని నమ్మి పాలు, పెరుగు మానేశారు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

ఒంగోలు ఫార్మసిస్టు:
మందుల షాపులో నేను తరచుగా విన్న ప్రశ్న ఇది. రక్తనాళం గోడలోని కండర కణాలు బిగుసుకోవాలంటే వాటి లోపలికి కాల్షియం వెళ్లాలి. ఆ దారిని ఈ మాత్ర కొంతమేరకు మూసివేయడం వల్ల కండరం సడలి, నాళం విప్పారి, బీపీ తగ్గుతుంది. గోడలో గట్టిపడిన సున్నాన్ని మాత్రం అది కరిగించదు. ఆ సున్నం గిన్నెకు పట్టే పొర వంటిదీ కాదు. కొవ్వు చేరి వాపు వచ్చిన చోట, గోడలోని కణాలే కొన్ని ఎముక కణాల లక్షణాలు తెచ్చుకుని దాన్ని పేరుస్తాయి. మధుమేహం, పొగ, కిడ్నీ జబ్బు దాన్ని పెంచుతాయి. ఇదే తరగతికి చెందిన నిఫెడిపిన్ వాడినవారిలో, నీరు తీసే మాత్రలు వాడినవారికంటే సున్నం నెమ్మదిగా పెరిగిందని 2001లో ఒక అధ్యయనం వెలువడింది. నెమ్మదించడం వేరు, కరగడం వేరు.

కావలి నుంచి:
ఆమ్లోడిపిన్‌తో నాకు సాయంత్రానికి పాదాలు వాచి, చెప్పుల పట్టీ అచ్చు లోతుగా పడేది. భయపడి సొంతంగా మానేస్తే వారంలో బీపీ 180/110కి చేరింది. అలా ఎవరూ చేయవద్దని వేడుకుంటున్నాను. డాక్టరుగారు అదే తరగతికి చెందిన సిల్నిడిపిన్‌ మాత్రకు మార్చాక వాపు తగ్గింది. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ కూడా రాశారు. రెండేళ్ల తరువాత నా స్కోరు ఇంకా పెరగడంతో కుంగిపోయాను. మెత్తటి కొవ్వు గడ్డలు గట్టిపడి నిలకడ పొందినప్పుడు కూడా స్కోరు పెరగవచ్చని, మందు పనిచేయడం లేదని అర్థం కాదని ఆయన వివరించారు.

ఉదయగిరి మెట్టవాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులు నాన్నగారికి చదివి వినిపించాను. మా డాక్టరుగారిని కూడా అడిగితే, భోజనంలోని పెరుగు మానవలసిన పని లేదని చెప్పి, షుగరు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపేది), కొలెస్ట్రాల్ పరీక్షలు రాశారు. స్టాటిన్ సంగతి అవి చూశాక చెబుతానన్నారు. నాన్నగారు రాత్రి పెరుగన్నం తిన్నారు, మాత్ర కూడా వేసుకున్నారు.