అప్‌డేట్: టైరు పొడి కలిపిన మ్యాట్లు విరగడం ఆగింది

వరంగల్‌లోని మా చిన్న యూనిట్‌లో పాత టైర్ల రబ్బరు పొడిని పాలిథిలిన్‌తో కలిపి చేసే మ్యాట్లు వంచగానే విరుగుతున్నాయని రెండు నెలల క్రితం అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

విరిగిన అంచును ఒక పాలిమర్ ఇంజినీరు భూతద్దంలో చూపించారు. రబ్బరు రేణువులు ప్లాస్టిక్‌ను పట్టుకోకుండా నున్నగా ఊడిపోయి, చిన్న చిన్న గుంతలు మిగిలాయి. ఒకసారి వల్కనైజ్ అయిన (గంధకంతో వేడిచేసి గట్టిపరిచిన) రబ్బరు మళ్లీ కరగదు కదా, అందుకే ప్లాస్టిక్‌లో కలిసిపోదు! ఇక్కడ ఒకరు సూచించిన మాలెయిక్ అన్‌హైడ్రైడ్ గ్రాఫ్టెడ్ పాలిథిలిన్‌ను (రబ్బరునూ ప్లాస్టిక్‌నూ అతికించే పాలిథిలిన్ రకం) 5 శాతం కలపడం పనిచేసింది. దానితోపాటు 30 మెష్ పొడి మాని, ఇంకా మెత్తనిదైన 80 మెష్ పొడి వాడాం (మెష్ అంటే జల్లెడ సంఖ్య; అది పెరిగితే పొడి సన్నమవుతుంది). ఇప్పుడు మ్యాట్‌ను రెండుగా మడిచినా గీత పడటం లేదు. ఎంత ఊరటో చెప్పలేను.

అంతకుముందు వేడి పెంచి చూస్తే కాలిన వాసన వచ్చిందే తప్ప ఫలితం లేదు. మా అచ్చులో లోపమేమీ లేదు; మీకూ ఇదే సమస్య ఉంటే తొందరపడి కొత్త అచ్చు చేయించకండి.