విండోస్ 11 నుంచి విండోస్ 10కి తిరిగి వెళ్లడం: ఫైళ్లు పోకుండా మార్గం ఉందా?

ప్రశ్న (డీటీపీ ఆపరేటర్, తెనాలి)

అందరికీ నమస్కారం. మాది చిన్న డీటీపీ సెంటరు. శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు కంపోజ్ చేస్తుంటాము. గత వారం షాపులోని కంప్యూటరును విండోస్ 10 నుంచి విండోస్ 11కి అప్‌గ్రేడ్ చేశాను. అప్పటి నుంచి మా పాత స్కానరు పనిచేయడం లేదు. దానికి కొత్త డ్రైవరు (స్కానరును విండోస్‌తో కలిపి పనిచేయించే సాఫ్ట్‌వేరు) ఇక రాదని తయారీదారులు చెప్పేశారు. పెళ్లిళ్ల సీజను ముందు కొత్త స్కానరు కొనే స్థితి లేదు కనుక తిరిగి విండోస్ 10కే వెళ్లాలనుకుంటున్నాను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము ఫైళ్లు, ‘అను’ అనే తెలుగు ఫాంట్లు, కస్టమర్ల ఫొటోలు అన్నీ సి డ్రైవులోనే, చాలావరకు డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి. ఫార్మాట్ కొట్టడం (డ్రైవులోనిదంతా తుడిచేయడం) తప్ప దారి లేదని ఇక్కడ తెలిసినవారు ఒకరు అంటున్నారు. నిజమేనా?

జవాబు 1

ఫార్మాట్ అవసరం లేదండీ. మీరు అప్‌గ్రేడ్ చేసి ఇంకా పది రోజులు కాలేదు కాబట్టి పాత విండోస్ మొత్తం సి డ్రైవులో ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డరులో భద్రంగా ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ తెరిస్తే ‘గో బ్యాక్’ అనే బటన్ కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఎందుకు వెనక్కి వెళుతున్నారని అడుగుతుంది, ఒకసారి అప్‌డేట్స్ చూడమంటుంది, ఆ తరువాత విండోస్ 10లో మీరు వాడిన పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోమని హెచ్చరిస్తుంది. ఈ చివరి హెచ్చరికను తేలికగా తీసుకోకండి. రోజూ పిన్‌తో లోపలికి వెళ్లేవారు అసలు పాస్‌వర్డ్ మరచిపోయి, వెనక్కి వెళ్లాక తలుపు బయటే నిలబడిపోతారు.

ఈ పద్ధతిలో మీ సొంత ఫైళ్లు ఉంటాయి. అప్‌గ్రేడ్ తరువాత తయారు చేసినవి కూడా ఉంటాయి. అయితే విండోస్ 11లోకి వచ్చాక ఎక్కించిన ప్రోగ్రాములు, డ్రైవర్లు, మార్చిన సెట్టింగులు పోతాయి. అప్‌గ్రేడ్ తరువాత కొత్త యూజర్ అకౌంట్ ఏదైనా సృష్టించి ఉంటే, అందులోని ఫైళ్లు బయటికి తీసి, ఆ అకౌంటును ముందే తొలగించాలి. సి డ్రైవు నిండిందని డిస్క్ క్లీనప్‌లో ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్’ అన్నదానికి మాత్రం టిక్ పెట్టవద్దు. అది తుడిచేస్తే గో బ్యాక్ దారి అక్కడితో మూసుకుపోతుంది.

ఇంత చెప్పినా, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ తీసుకోకుండా ఆ బటన్ నొక్కవద్దనే నా సలహా. ఫైళ్లు ఉంచుతామని విండోస్ ఇచ్చే హామీ అంతా సవ్యంగా జరిగినప్పటి మాట. మధ్యలో కరెంటు పోతే ఆ హామీకి విలువ లేదు. యూపీఎస్ మీద పెట్టి, పని పూర్తయ్యేవరకు కదిలించకుండా వదిలేయండి.

జవాబు 2

నేను కూడా కంపోజింగ్ పనిలోనే ఉన్నాను కాబట్టి మన పనికి సంబంధించిన రెండు విషయాలు చెబుతాను. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో పేజ్‌మేకర్ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వరుసగా కనిపిస్తాయి. ఫైలు చెడిపోయిందని కంగారుపడేది అక్కడే. ఫైలు బాగానే ఉంటుంది, ఫాంటు మాత్రమే ఉండదు. ఫాంట్లు సాధారణంగా ఉండేది డెస్క్‌టాప్‌లోనో డాక్యుమెంట్స్‌లోనో కాదు, సి డ్రైవులో విండోస్ ఫోల్డరు లోపలి ‘ఫాంట్స్’ అనే ఫోల్డరులో. కాబట్టి మీ యూజర్ ఫోల్డరును మాత్రమే కాపీ చేస్తే అవి రావు. వాటిని విడిగా కాపీ చేయండి, ఫాంట్ల అసలు సీడీ లేదా సెటప్ ఫైలు ఉంటే అది కూడా బయట పెట్టుకోండి.

రెండవది, మీ డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్‌కు (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వకు) అనుసంధానమై ఉందేమో చూడండి. ఐకాన్ పక్కన చిన్న మేఘం గుర్తు ఉంటే ఆ ఫైలు మీ డిస్కులో లేదని, ఆన్‌లైన్‌లో మాత్రమే ఉందని అర్థం. అలాంటి వాటి మీద రైట్ క్లిక్ చేసి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ ఎంచుకుని, అవి పూర్తిగా దిగాకే కాపీ మొదలుపెట్టండి. కాపీ అయ్యాక ఆ డిస్కును మరో కంప్యూటరుకు తగిలించి పెద్ద ఫైళ్లను కొన్నింటిని తెరిచి చూడండి. కాపీ పనికొస్తుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

మరొక సభ్యుని ప్రశ్న

నా కంప్యూటరులో గో బ్యాక్ బటన్ కనిపించడం లేదు. అప్‌గ్రేడ్ చేసి నెల దాటింది. ఆ పది రోజుల గడువు పెంచుకునే వీలుందా?

జవాబు 1 రాసినవారు

గడువు మిగిలి ఉండగానే పెంచుకోవాలండీ. కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి విండోస్‌లోనే ఉండే డిఐఎస్ఎం అనే నిర్వహణ సాధనపు ఆదేశంతో దాన్ని 60 రోజుల వరకు పొడిగించవచ్చు. విండోస్.ఓల్డ్ తొలగిపోయిన తరువాత ఆ ఆదేశం వల్ల ప్రయోజనం లేదు. మీకిక మిగిలింది కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే. విండోస్ 11లో ఉండి విండోస్ 10 సెటప్ నడిపినా ఫైళ్లు ఉంచే అవకాశం ఇవ్వదు.

కనీసం 8 జీబీ పెన్‌డ్రైవులో మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ 10 తయారు చేసుకోండి. దాంతో కంప్యూటరును బూట్ చేసి (స్టార్ట్ చేసి), సి పార్టిషన్‌ను ఫార్మాట్ చేయకుండా దాన్నే ఎంచుకుంటే పాత విషయమంతా విండోస్.ఓల్డ్‌లోకి చేరుతుంది. అది చివరి ఆసరా మాత్రమే. అసలు ఆధారం మీరు బయట తీసుకున్న కాపీ కావాలి. ప్రోగ్రాములన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ నుంచి ముందే రాసుకోండి. అదే మదర్‌బోర్డు మీద అదే ఎడిషన్ విండోస్ 10 ఇదివరకు యాక్టివేట్ అయి ఉంటే, ప్రొడక్ట్ కీ అడిగినప్పుడు లేదని చెప్పి ముందుకు వెళ్లండి. నెట్ తగలగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. కాపీలు తీసుకుని, ఫాంట్ల ఫోల్డరు విడిగా పెట్టుకుని గో బ్యాక్ చేశాను. స్కానరు పనిచేస్తోంది, ఫైళ్లన్నీ తెరుచుకుంటున్నాయి. ఇక విండోస్ 10లో ఉండిపోవచ్చా?

జవాబు 3

ఉండిపోవడం నాకు ఇష్టం లేదు, కానీ కొంతకాలం ఉండవచ్చు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తరువాత 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఈఎస్‌యూ అనే పథకం ఉంది. మీ విండోస్ 22హెచ్2 (విండోస్ 10లో చివరి) వెర్షన్ అయి ఉండి, మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సైన్ ఇన్ అయితే, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకునే లింకు కనిపిస్తుంది. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవులు రోజంతా తగిలించే కంప్యూటరు కాబట్టి ఆ నమోదును వాయిదా వేయకండి. కుదిరితే ఈ యంత్రాన్ని స్కానింగుకే పరిమితం చేసి, మెయిల్, బ్యాంకు పనులు మరో కంప్యూటరులో చూసుకోండి.