పక్కింటి గోడ మా వైపు ఒరుగుతోంది, నోటీసు ఇచ్చినా ఓనర్ కదలట్లేదు

హైదరాబాద్‌లో మాది సొంతిల్లు, పక్కది ఆరేళ్లుగా తాళం వేసున్న పాత పెంకుటిల్లు. జూలై వానలకి దాని గోడ మా వైపు ఒరిగింది, రావిమొక్క మొలిచిన చోట పగుల్లో నా అరచెయ్యి దూరిపోతోంది, పిల్లలు సైకిళ్లు పెట్టేది సరిగ్గా దాని కిందే. మా వైపు నుంచి సరుగుడు కర్రలు ఆసరా పెట్టా, అవీ జారుతున్నాయి. ఓనర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేస్తే అన్నదమ్ముల పార్టిషన్ కేసు ఉంది ముట్టుకోలేం అంటాడు (పడేది మాత్రం మా మీద!). మున్సిపల్ వాళ్లకి ఫోటోలతో కంప్లైంట్ పెడితే 1955 జీహెచ్‌ఎంసీ చట్టం 456 సెక్షన్ (పడిపోయేలా ఉన్న కట్టడాల గురించిన సెక్షన్) కింద నోటీసు అంటించారు, 40 రోజులైంది, ఆ కాగితం కూడా తడిసి సగం ఊడిపోయింది. ఇలా కోర్టులో ఉన్న ఇంటి గోడని, నోటీసు తర్వాత కూడా ఓనర్ కదలకపోతే, మున్సిపల్ వాళ్లతోనే కూల్పించిన వాళ్లు ఎవరైనా ఉంటే అర్జీ ఎవరికి పెట్టారో చెప్తారా?