సమస్య: రెక్క లేని చీమ రివ్వు నెగిరె

మోడరేటర్: అడవి పైకప్పు, అంటే చెట్ల పైకొమ్మల దట్టం, గురించి చదువుతుంటే ఈ పాదం తట్టింది. ఉసిళ్ళ జోలికి పోవద్దు. వాటికి రెక్కలున్నయి, పైగా అవి చీమలే కావు.

పాకాల పంతులు:
కొమ్మ జారి పడియు కొంచెము బెదరక
కడుపు ముందు చేసి కాళ్ళు చాచి
మాను బోదెఁ జూచి మలుపులు తిరుగుచు
రెక్క లేని చీమ రివ్వు నెగిరె

అమెజాన్ వైపు చెట్ల మీది సెఫలోటెస్ అట్రాటస్ చీమ ఇది. 2005ల బయటపడ్డ సంగతి. కొమ్మ నుంచి పడ్డవాటిల నూటికి 80కి పైగా సొంత చెట్టు బోదెకే వచ్చి అతుక్కుంటయి. ముందు నిట్టనిలువునా పడుతది, బోదె దిక్కు మళ్ళుతది, ఆపైన కడుపు ముందు, తల వెనుక పెట్టి జారుకుంట వాలుతది. గురి అంతా చూపుతోనే. కళ్ళకు రంగు పూసి మూస్తే తప్పిపోతది. వరద అడవిల కింద పడ్డదంటే చేపల పాలే.

ములుగు మాస్టారు: సంగతి భేష్. కానీ ‘పడియు’ ద్రుతాంతం (న-కారంతో ముగిసే మాట) గదా పంతులుగారూ, ‘పడియుఁ గొంచెము’ కావాలె. క-గలకు మైత్రి ఉండబట్టి యతి బతికింది. మరొకటి, ఆ చీమ కిందికి జారుడే గని పైకి లేచుడు లేదు.

పాకాల పంతులు: అరసున్న ఒప్పుకున్న. జారుడు సంగతి మాత్రం మీరు చెప్పొద్దు. వెనుకటి ‘సాలెపురుగు మెచ్చె శాకములను’ సమస్యకు బఘీరా కిప్లింగి అనే సాలెపురుగును తెచ్చి ‘మాంస మంటదు’ అని పొరపడ్డది మీరే గదా! అది తుమ్మజాతి చెట్టు ఆకుల కొసన ఉండే ముద్దలు తింటది, నిజమే. మెక్సికోల తిండిల నూటికి 90 వంతులు అవే. కానీ అదే చెట్టు కావలి చీమల పిల్లలను కూడా ఎత్తుకపోతది. కోస్టారికాల ఆకు వంతు ఇంకా తక్కువ.

ములుగు మాస్టారు: ఆ చర్చ ఎప్పుడో మూసేసిన్రు సారూ.

హనుమకొండ హంస:
ఎనిమి దున్న కాళ్ళ నెత్తి రెండింటిని
మీసములుగ నూపి మెల్ల మెల్ల
సాలెపురుగు దుంకఁ జనులెల్ల రనిరిట్లు
రెక్క లేని చీమ రివ్వు నెగిరె

ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమ వేషం వేసే మైర్మప్లాటా సాలెపురుగు. మన దేశంల ఉన్నదే. మగదాని కోరలు ఎంత పొడుగంటే, ఒక చీమ ఇంకొక చీమను మోస్తున్నట్టే కనబడుతది.

పాకాల పంతులు: సా-జ యతి ముచ్చటగ ఉన్నది అక్కా. ‘అనిరి’ అని జనం నోట పెట్టుడు మాత్రం అరిగిన దారి.

ములుగు మాస్టారు: వేషం కోసం నడుము సన్నబడ్డ ఈ సాలెపురుగు దుంకుడు చాలా తక్కువ. బెదిరితే దారం పట్టుకొని కిందికి దిగుతది. ‘జాఱఁ జనులెల్ల’ అంటే గణమూ చెడదు, సంగతీ చెడదు.

హనుమకొండ హంస: జారితే ‘ఎగిరె’ ఎట్ల అంటరు మాస్టారూ? ఎప్పుడో ఒకసారి దుంకితేనే గదా జనం నోరు తెరిచేది. అన్నట్టు, అసలు ఎర్రచీమ గూడు సంగతి కూడా పద్యానికి పనికొస్తది. పెద్ద చీమకు పట్టు రాదు. పిల్లపురుగును నోట కరుచుకొని, నేతగాని చేతిల నాడె లెక్క ఆకుల అంచుల మధ్య అటూ ఇటూ ఆడిస్తది.

జనగామ జాబిలి:
పొద్దు పొడుచు వేళఁ బొగబెట్టి చెట్టుకు
కింద గుడ్డలు కట్టి కీటకముల
ఏరఁ బోవ గాలి యెదురుగా వీచెను
రెక్క లేని చీమ రివ్వు నెగిరె

పాకాల పంతులు: రెండో పాదంల ‘గుడ్డలు’ సూర్యగణం దాటింది. ‘లు’ తీసెయ్.

జనగామ జాబిలి: తీస్తే, చెట్ల మీది పురుగులను పొగబెట్టి లెక్కించే పద్ధతి తప్పుతది అన్నా. చెట్టు కింద ఒకటే గుడ్డ పరవరు. ఒక్కొక్కటి చదరపు మీటరు గరాటు గుడ్డలు చాలా వేలాడదీస్తరు, లెక్క మీటరుకు ఇన్ని అని తేలాలె గదా. పైరెత్రమ్ జాతి పురుగుమందు పొగయంత్రాన్ని తాడుతో కొమ్మల్లకు లాగుతరు. గాలి ఆగి ఉండే తెల్లవారుజామునే ఎందుకంటే, కొంచెం గాలి వీచినా పొగ పక్క చెట్టుకు పోతది, రాలిన చిన్నవి గుడ్డ దాటి పడతయి. దాదాపు రెండు గంటలు ఆగి సీసాలల్ల ఆల్కహాల్‌లకు దులుపుతరు. బెరడు లోపల, చుట్టుకున్న ఆకుల్ల ఉన్నవి రాలనే రాలవు. పనామాల కీటక శాస్త్రవేత్త టెర్రీ ఎర్విన్ ఒకే జాతి చెట్లు 19 పొగబెట్టి దాదాపు 1,200 జాతుల పెంకుపురుగులు తీసిండు. దాని మీదనే 1982ల ఉష్ణమండలంల 3 కోట్ల జాతుల పురుగులుంటయని లెక్క కట్టిండు. తర్వాతివాళ్ళు ఆ లెక్కను బాగా తగ్గించిన్రు.

మోడరేటర్: ‘కింద గుడ్డలుంచి కీటకముల’. బహువచనం ఉన్నది, గణమూ ఉన్నది.

పాకాల పంతులు: ఇది దెబ్బ! అయితే మన ఏటూరునాగారం అడవిల పొగబెడదామనుకునేటోళ్ళు ఎండాకాలం పోవద్దు. ఆకురాల్చే అడవి, అప్పుడు పైకప్పే ఉండదు.

హనుమకొండ హంస: మాస్టారూ, అందరివీ దిద్దిన్రు. మీ పూరణ ఏది?

ములుగు మాస్టారు: రాస్తున్న. మూడో పాదంల యతి కుదురుతలేదు.