మూసీ ఐదేళ్ల ఫొటో ప్రాజెక్టు: అందరం ఒకేచోట నిలబడాలా, ఎవరి కన్ను వాళ్లదా?

మూసీగట్టు:
బాపూఘాట్ సంగమం నుంచి నాగోల్ దాకా 12 చోట్లు, పది మంది, నెలకోసారి చొప్పున ఐదేళ్లు. ఇంతవరకు అందరం ఒప్పుకున్నాం. పేచీ ఒక్కచోటే వచ్చింది. ప్రతి చోటా ట్రైపాడ్ పెట్టే స్థలం, ఎత్తు, 35 మి.మీ. లెన్స్, తీసే వేళ అన్నీ ముందే ఖాయం చేయాలని సగం మంది అంటున్నారు. అలా చేస్తే అది సీసీ కెమెరా పని అవుతుంది, ఫొటోగ్రఫీ కాదని మిగతా సగం. కారణాలతో రాయండి, వచ్చే నెల మొదలుపెట్టేలోపు తేల్చుకోవాలి.

పాతనెగెటివ్:
స్థలం ఖాయం చేయాల్సిందే. 1977లో మార్క్ క్లెట్ బృందం అమెరికా పశ్చిమ ప్రాంతంలో 1870ల నాటి సర్వే ఫొటోలను అవే చోట్ల నిలబడి మళ్లీ తీసింది. వందేళ్ల తేడాను పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నామంటే అది స్థలం కలిసినందువల్లే. 1908 సెప్టెంబర్ 28 వరద ఫొటోలు మనకున్నాయి. కానీ కొన్నింటిని ఎక్కడి నుంచి తీశారో చెప్పలేకపోతున్నాం, అందుకే నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో వాటిని బట్టి లెక్క కట్టలేం. ఆ ఇబ్బంది మన తర్వాతివాళ్లకు రాకూడదు.

గడ్డిమోపు:
వంతెన మీది నుంచి అరవైసార్లు ఒకే ఫ్రేమ్ తీస్తే నది కనిపిస్తుంది, నదితో బతికేవాళ్లు కనిపించరు. దిగువన గడ్డి కోసి గేదెల మేతకు అమ్మేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, 2024లో మూసీ అభివృద్ధి పథకం కోసం కూల్చడానికని ఇళ్ల మీద ఎర్ర గుర్తులు పడ్డవాళ్లు, వీళ్లెవరూ ట్రైపాడ్ ముందుకు వచ్చి నిలబడరు. మనమే కిందికి దిగి వాళ్ల దగ్గరికి వెళ్లాలి. నియమాలు ఎక్కువైతే నెలకోసారి వచ్చి మూడు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. రెండో ఏడాదికి సగం మంది మిగలరు.

లైట్‌మీటర్:
రెండు వైపులా లెన్స్ గురించే వాదిస్తున్నారు, అసలు విషయం లెన్స్ కాదు. దృశ్యంలో దగ్గరి వస్తువు, దూరపు వస్తువు ఒకదానికొకటి ఎక్కడ పడతాయో నిర్ణయించేది మనం నిలబడ్డ చోటు. లెన్స్ అందులో ఎంత మేర కోసి చూపాలో చెబుతుంది, అంతే. వెడల్పుగా తీసినదాన్ని తర్వాత కత్తిరించుకోవచ్చు. తప్పు చోట నిలబడి తీసినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు.

లెక్క చూడండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (సెన్సర్ వెడల్పు 36 మి.మీ.) మీద 35 మి.మీ. లెన్స్‌తో ఒక మీటరు పక్కకు జరిగితే, 5 మీటర్ల దూరంలోని పిట్టగోడ స్తంభం సెన్సర్ మీద 7 మి.మీ. జరుగుతుంది. అంటే ఫ్రేమ్ వెడల్పులో ఐదో వంతు. 200 మీటర్ల దూరంలోని గుమ్మటం 0.2 మి.మీ. కూడా కదలదు. ఫోన్ జీపీఎస్ ఆకాశం బాగా కనిపించే చోటే 3 నుంచి 5 మీటర్లు తప్పుతుంది, భవనాల మధ్య ఇంకా ఎక్కువ. కాబట్టి జీపీఎస్ అంకె ఆ వంతెన దాకా తీసుకెళ్తుంది గానీ కాలు పెట్టే చోటు చెప్పదు.

చేయాల్సింది ఇదీ. కదలని రెండు గుర్తులు, ఉదాహరణకు రాతి స్తంభం అంచు, పిట్టగోడ మూల ఎంచుకుని ట్రైపాడ్ మధ్య కడ్డీకి వాటి నుంచి టేపుతో దూరం కొలవాలి. లెన్స్ మధ్యభాగం నేల నుంచి 150 సెం.మీ. ట్రైపాడ్ కాళ్లను, పక్కనున్న గుర్తులను కలిపి ఫోన్‌తో ఒక ఫొటో. ఆ తర్వాత అసలు పరీక్ష: దగ్గరి అంచు ఒకటి, దూరపు అంచు ఒకటి ఒకే గీత మీదికి రావాలి. కెమెరా కుడికి జరిగితే దగ్గరిది ఎడమకు పోతుంది, ఎడమకు జరిగితే కుడికి. మొదటి నెల ప్రింటును చేతిలో పట్టుకుని సరిచూసుకుంటే ఐదు నిమిషాల పని. రోడ్డు మళ్లీ వేసినప్పుడు ఎత్తు మారుతుంది. అందుకే ఎత్తును కూడా పిట్టగోడ పైఅంచు నుంచి రాసుకోండి, నేల నుంచి మాత్రమే రాసుకుంటే మోసపోతాం.

సెన్సర్ అంతకంటే చిన్నదైతే లెన్స్ అంకె తగ్గుతుంది: ఏపీఎస్-సీ వాళ్లు 23 మి.మీ., కెనాన్ ఏపీఎస్-సీ అయితే 22, మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 17 పెట్టుకుంటే చాలు. కొత్త లెన్స్ ఎవరూ కొననక్కర్లేదు.

సెల్లు_చాలు:
ఫోన్లతో వచ్చే నలుగురి సంగతి?

లైట్‌మీటర్:
రావచ్చండి. ఫోన్ మెయిన్ కెమెరా ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో సుమారు 24 మి.మీ. దాన్ని 35కి కత్తిరిస్తే 12 మెగాపిక్సెల్‌లో ఐదున్నర మిగులుతుంది. పది అంగుళాల వెడల్పు ప్రింటుకు అది చాలు. చిక్కు రంగుతో వస్తుంది. ఫోన్ తనంతట తానే నీడలను లేపుతుంది, ఆకాశాన్ని నీలం చేస్తుంది. అప్‌డేట్ వచ్చాక ఆ తీరు మారుతుంది. నీళ్ల నలుపు తగ్గిందా, సాఫ్ట్‌వేర్ మారిందా అన్నది మూడేళ్ల తర్వాత ఎవరూ చెప్పలేరు. ఫోన్ దిద్దని రా ఫైల్ ఆన్ చేయండి. మొదటి ఫ్రేమ్‌లో గ్రే కార్డు, అంటే రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట, పెట్టండి.

ఎండపొడ:
వేళ గురించి ఒక మాట. "ప్రతి నెలా ఉదయం 7కి" అన్న నియమం పనికిరాదు. డిసెంబర్‌లో 7 గంటలకు సూర్యుడు అప్పుడే తొంగిచూస్తాడు, జూన్‌లో 7 గంటలకు ఎండ గట్టిగా ఉంటుంది. సూర్యోదయం తర్వాత ఇన్ని నిమిషాలకు అని రాసుకోవాలి. 75 నిమిషాలు నా సూచన. మధ్యాహ్నం తీస్తే నీడల దిక్కే తప్పుతుంది. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశంలో ఉంది కాబట్టి సుమారు మే 10 నుంచి ఆగస్టు 3 దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. మిగతా ఏడాదంతా దక్షిణాన.

నగరంలో మూసీ దాదాపు పడమర నుంచి తూర్పుకు పారుతుంది. ఎగువ వైపు చూసే ఫ్రేములు పొద్దున, దిగువ వైపు చూసేవి సాయంత్రం. నయాపూల్ వంతెన మీద పడమరకు తిరిగి నిలబడితే కుడివైపు ఉస్మానియా ఆసుపత్రి, ఎడమవైపు హైకోర్టు. సాయంత్రం తీస్తే రెండూ నల్లటి ముద్దలే.

గడ్డిమోపు:
లైట్‌మీటర్ గారి టేపు లెక్కకు నేను ఒప్పుకుంటున్నాను. కానీ నా అభ్యంతరం అలాగే ఉంది. నెలకు ప్రతి చోటా మూడు ఖాయం ఫ్రేములు తీశాక, మరో గంట గట్టు మీద నడవడం కూడా నియమంగానే రాయాలి. "ఓపిక ఉంటే" అని రాస్తే ఎవరూ నడవరు. గుర్తులు పడ్డ బస్తీల్లో కెమెరా తీస్తే సర్వేవాళ్లనుకుంటారు. మొదటి రెండు నెలలు కెమెరా లేకుండా వెళ్లి పరిచయం చేసుకోవాలి. తీసిన ప్రతి మనిషికీ మరుసటి నెల ప్రింటు ఇవ్వాలి. ముఖం వద్దన్నవాళ్లది తీయకూడదు, ముందు ఒప్పుకుని తర్వాత వద్దన్నా తీసేయాలి.

పాతనెగెటివ్:
ఆ చివరి మాట తప్ప అన్నీ సరే. ప్రదర్శన నుంచి తీసేద్దాం, భద్రపరిచిన ఫైలు చెరపొద్దు. 1930లలో అమెరికా ప్రభుత్వ ఫొటో విభాగాన్ని నడిపిన రాయ్ స్ట్రైకర్ తనకు పనికిరావనుకున్న నెగెటివ్‌లకు కన్నాలు పొడిపించారు. పోయింది మళ్లీ రాలేదు.

గడ్డిమోపు:
స్ట్రైకర్ పొడిపించింది ఫొటోగ్రాఫర్ల పనిని. ఇక్కడ అడుగుతున్నది ఫొటోలో ఉన్న మనిషి. రెండూ ఒకటి కావు. ఇల్లు పోగొట్టుకున్న మనిషి తన ముఖం చెరపమంటే చెరపాలి.

హార్డ్‌డిస్క్:
నిల్వ లెక్క. 12 చోట్లు, మూడేసి ఫ్రేములు, 60 నెలలు: 2,160 ఫైళ్లు. రా ఫైలు 30 ఎంబీ వేసుకున్నా 65 జీబీ. స్వేచ్ఛగా తీసేవాటికి మనిషికి నెలకు 200 అనుకుంటే 3.6 టీబీ. ఆ ఫొటోలను నెలకు మనిషికి 20కి ఎంపిక చేసి ఇవ్వండి, 360 జీబీలో సరిపోతుంది. మూడు కాపీలు, రెండు వేరు వేరు డిస్కుల మీద, ఒకటి వేరే ఇంట్లో. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే తేదీ, లెన్స్ వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపండి. బయల్దేరే ముందు కెమెరా గడియారాలు ఫోన్‌తో సరిచూసుకోండి. ఫైలు పేరులో తేదీ, చోటు నంబరు, ఫ్రేమ్ నంబరు, తీసినవారి కోడ్ అదే వరుసలో ఉండాలి.

కాగితంపని:
హక్కులు రాతలో లేకపోతే మూడో ఏడాది విడిపోతాం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు మొదటి హక్కుదారు తీసినవారే. బృందానికి రాసిచ్చేటప్పుడు ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లే అనుకుంటారు, ఎక్కడో రాయకపోతే భారత్‌కే పరిమితం. మన ప్రాజెక్టే ఐదేళ్లు కాబట్టి మొదటి నెల ఫొటోల హక్కు ప్రదర్శన పెట్టేనాటికి తీరిపోతుంది. హక్కు తీసినవారి దగ్గరే ఉంచి, బృందానికి కాలపరిమితి లేని వాడుక అనుమతి ఇస్తున్నామని, మధ్యలో వెళ్లిపోయినా అది కొనసాగుతుందని రాసుకుందాం.

మూసీగట్టు:
స్థలం, ఎత్తు, వేళ ఖాయం. లెన్స్ ఎవరిది వాళ్లదే, 35కి సమానమైన మేర ఫ్రేమ్‌లో ఉంటే చాలు. గట్టు నడక నియమంగా చేరుస్తున్నాను. ఎగువనున్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల గేట్లు ఎత్తిన రోజు నెల లెక్కతో పనిలేకుండా అదనంగా తీయాలి, అది కూడా వంతెనల మీది నుంచే, గట్టు దిగకుండా. ఫైలు చెరపాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. అది తేలేదాకా మనుషుల ముఖాలు తీయొద్దు. ఈ ఆదివారం పురానాపూల్ వంతెన దగ్గర టేపు, సుద్దముక్క, గ్రే కార్డుతో కలుద్దాం. 1578 నాటి కట్టడం, దాని రాయి మీద పెయింటు గుర్తులు వేయకూడదు.