కార్నివైన్‌కి బగ్ టైప్ అంటే ఎందుకంత భయం? పురుగుల్ని తినే మొక్కే కదా అది

పకోడీ_పికాచు:
అందరికీ హాయ్, ఒక డౌట్ బుర్ర తినేస్తోంది, ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నేను పోకెమాన్ బ్రిలియంట్ డైమండ్ గేమ్ ఆడుతున్నా, మొదట్లో ఇచ్చే స్టార్టర్‌గా నిప్పు రకం చిమ్‌చార్ తీసుకున్నా కాబట్టి టీమ్‌లో గ్రాస్ టైప్, అంటే మొక్క రకం, ఒకటి కచ్చితంగా కావాలి. అందరూ బుడ్యూ పట్టుకుని రోజరేడ్ చేసుకోమనే చెప్తారు, కానీ ఆ రెండు చేతుల్లో పూలగుత్తులేంటో నాకసలు నచ్చదు. పాస్టోరియా సిటీ గ్రేట్ మార్ష్‌లో కార్నివైన్ కనపడగానే ఇదే మనది అని ఫిక్స్ అయిపోయా. ఆ నోరు, ఆ పళ్ళు, కాళ్ళ బదులు కింద వేలాడే ఆ తీగలు, చూడ్డానికే మాస్‌గా ఉంటుంది.

అదే ఊళ్ళో క్రాషర్ వేక్ జిమ్‌లో క్వాగ్‌సైర్‌ని నిలబెట్టి కొట్టింది, ఇంక నేను ఆగుతానా, ఎలీట్ ఫోర్ దాకా, అంటే ఆఖర్లో ఒక్కో గదిలో ఉండే నలుగురు ట్రైనర్ల దాకా, దాన్నే మోసుకెళ్ళా. మొదటి గదిలో ఆరన్. ఆయన దగ్గరున్నవి దాదాపు అన్నీ పురుగులే. మన దాని కేటగిరీ పేరే "బగ్ క్యాచర్ పోకెమాన్" కదా, దీనికి విందు భోజనమే అనుకుని ముందు దీన్నే దింపా. తేనెటీగ రాణి వెస్పిక్వెన్ అటాక్ ఆర్డర్ అనే బగ్ మూవ్ వేసింది, కార్నివైన్ అవుట్. అంతే, ఇంకేం లేదు.

ఇప్పుడు నా డౌట్ ఏంటంటే, ఈగల్ని పట్టి తినే వీనస్ ఫ్లైట్రాప్ మొక్కని చూసి చేసిన పోకెమాన్ ఇది, తియ్యటి వాసనొచ్చే జొల్లు కార్చి వేటని దగ్గరికి రప్పించుకుని గుటుక్కున మింగుతుందని పోకెడెక్స్‌లోనే (గేమ్‌లో పోకెమాన్ వివరాల పుస్తకం) ఉంది, తినడానికి రోజంతా పడుతుందట కూడా. మరి అదే పురుగు వచ్చి కుడితే డబుల్ డ్యామేజ్ ఏంటి? పైగా ఇది తిరిగి గ్రాస్ మూవ్ వేస్తే వెస్పిక్వెన్‌కి పావు వంతే తగుల్తుంది. పిల్లి ఎలకని చూసి పారిపోయినట్టుంది నాకు. ఇంకోటి, దీనికి ఎవల్యూషన్ కూడా లేదు, టీమ్‌లో ఉంచాలా తీసేయాలా అది కూడా చెప్పండి.

జెన్‌వన్_బాబాయ్:
తమ్ముడూ నీ బాధ అర్థమైంది కానీ టైప్ చార్ట్‌కి, అంటే ఏ టైప్ దెబ్బ దేనికి ఎంత తగుల్తుందో చెప్పే పట్టికకి, ఎవరేం తింటారో తెలీదు, దానికి తెలిసింది గ్రాస్, బగ్ అనే రెండు పేర్లే. పోకెమాన్ పుట్టించిన సతోషి తజిరికి చిన్నప్పుడు పురుగులు పట్టడం పిచ్చి, అందులోంచే ఈ ఐడియా వచ్చిందని ఆయనే చెప్పాడు. పురుగు ఆకుని తింటుంది కాబట్టి బగ్ టైప్ గ్రాస్‌ని కొడుతుంది, అంత సింపుల్ లెక్క. పత్తి వేసిన రైతు ఎవర్నైనా అడుగు, చార్ట్ చూడకుండానే చెప్తాడు. ఆ రూల్ 1996లో మొదటి గేమ్స్ నుంచీ ఉంది, కార్నివైన్ వచ్చింది 2006లో డైమండ్ పెర్ల్‌తో, ఒక్క మొక్క కోసం పాత రూల్‌ని ఎవడు మారుస్తాడు చెప్పు.

అయినా నువ్వు డబుల్ డ్యామేజ్‌కే ఏడుస్తున్నావ్, మా కాలంలో విక్ట్రీబెల్ గతి చూస్తే ఏమంటావో. అది కూడా పురుగుల్ని మింగే మొక్కే, నెపంథిస్ అనే కూజా మొక్కని చూసి గీసింది, పైన ఆకు మూత, లోపల యాసిడ్, తేనె వాసనతో పిలిచి బొమికలతో సహా కరిగించేస్తుందని డెక్స్‌లో ఉండేది. టైప్ గ్రాస్ ప్లస్ పాయిజన్. మొదటి జనరేషన్‌లో బగ్ టైప్ గ్రాస్ మీదే కాదు పాయిజన్ మీద కూడా సూపర్ ఎఫెక్టివ్, అంటే డబుల్ దెబ్బ, రెండూ కలిసి 4 రెట్లు! అడవి మధ్యలో గుంపులుగా ఉంటాయి, అక్కడికెళ్ళిన వాడెవడూ తిరిగి రాలేదు అని భయపెట్టే జీవికి పురుగు కుడితే 4 రెట్లు.

కాకపోతే దానివల్ల ఎవరికీ ఏం కాలేదులే. ఎందుకంటే అప్పట్లో బగ్ మూవ్స్ అన్నీ పేలవం. లీచ్ లైఫ్ పవర్ 20, పిన్ మిసైల్ ఒక్కో దెబ్బ 14, కాస్త పర్లేదు అనిపించే ట్విన్‌నీడిల్ బీడ్రిల్ దగ్గర మాత్రమే. తర్వాత రెండో జనరేషన్‌లో బగ్ దెబ్బ పాయిజన్ మీద సగానికి తగ్గించేశారు, అప్పట్నుంచి విక్ట్రీబెల్‌కి బగ్ మామూలు దెబ్బే. నీ కార్నివైన్ ప్యూర్ గ్రాస్, దాన్ని కాపాడటానికి పక్కన ఇంకో టైప్ లేదు, అదొక్కటే తేడా.

నేను బ్లూ వెర్షన్ ఆడేవాణ్ణి కాబట్టి నాకు బెల్‌స్ప్రౌట్ దొరికేది, రెడ్ వాళ్ళకి ఆడిష్. లెవెల్ 21కి వీపిన్‌బెల్, ఆ తర్వాత లీఫ్ స్టోన్ ఇస్తే విక్ట్రీబెల్. ఇప్పటికీ నా ఫేవరెట్ అదే, కార్నివైన్ గీర్నివైన్ జాన్తా నై.

ల్యాబ్‌కోటు_అక్క:
గేమ్ నేను ఆడను, మా తమ్ముడు ఆడుతుంటే పక్కన కూర్చుని కామెంట్స్ చేయడమే నా పని. కానీ బాటనీ చదివా కాబట్టి ఈ డౌట్ చూసి ఆగలేకపోయా. బాబాయ్ గారు చార్ట్‌కి ఏం తెలీదు అన్నారు కదా, నాకైతే చార్ట్ కరెక్టే అనిపిస్తోంది.

స్కూల్లో మనందరం కీటకాహార మొక్కలు అని చదివాం, నెపంథిస్, డ్రాసిరా, యుట్రిక్యులేరియా అని బట్టీ పట్టాం. చదివాక అందరికీ బుర్రలో మిగిలేది ఏంటంటే ఇవి పురుగులకి యముళ్ళు అని. నిజానికి అవి ముందు మొక్కలు, తర్వాతే వేటగాళ్ళు. మిగతా మొక్కల్లాగే ఎండతోనే ఆహారం తయారు చేసుకుంటాయి, పెరిగే నేలలో నత్రజని, ఫాస్ఫరస్ సరిగ్గా ఉండవు కాబట్టి అవి పురుగుల నుంచి లాగుతాయి, అంతే. ఫ్లైట్రాప్‌లో ప్రమాదం అంతా ఆ నోటి దగ్గరే. ఆ నోట్లో చిన్న చిన్న నూగు ఉంటుంది, దాదాపు 20 సెకన్లలోపు రెండుసార్లు తగిలితేనే మూసుకుంటుంది, ఒక్కసారి తగిలితే పట్టించుకోదు. ఎండుటాకు పడ్డా వాన చినుకు పడ్డా ఊరికే మూసుకుని శక్తి దండగ చేసుకోకుండా ఆ ఏర్పాటు. కానీ నోరు తప్ప మిగతాదంతా, కాడ, పూల కొమ్మ, కొత్త చిగుర్లు, అంతా మెత్తని మొక్కే. పేనుబంక పడితే ఆకులు వంకర్లు తిరిగిపోతాయి, ఇంట్లో పెంచేవాళ్ళని అడగండి చెప్తారు, ఈగల్ని తినే మొక్కకి పురుగుమందు కొట్టాల్సి వస్తుంది.

ఇంకా మజా ఏంటంటే ఇలాంటి మొక్కల మీదే బతికే పురుగులు కూడా ఉన్నాయి. అమెరికాలో సర్రసీనియా అని ఇంకో రకం కూజా మొక్కలుంటాయి, ఎక్సైరా అనే చిమ్మెట వాటి కూజాల్లోనే కాపురం పెడుతుంది. దాని గొంగళిపురుగు కూజా మూతికి అడ్డంగా పట్టు దారంతో గూడు అల్లేసి, బయటి నుంచి ఎవరూ రాకుండా తలుపేసుకున్నాక, లోపలి గోడనే గోకి గోకి తింటుంది. అంటే నోట్లో కూర్చుని నోటినే తింటోంది. డ్రాసిరా మీద ఇంకో చిమ్మెట పిల్ల ఉంది, అది ముందు ఆ జిగురు బొట్లు తాగేసి, తర్వాత ఆ వెంట్రుకల్నే నమిలేస్తుంది. బోర్నియోలో ఒక నెపంథిస్ ఉంది, అందులో ఒక రకం చీమలు కూజా నీళ్ళల్లోకి దిగి ఈదుకుంటూ వెళ్ళి అందులో పడ్డ పురుగుల్ని ఎత్తుకొస్తాయి, వాటికేం కాదు. సో ఆ తేనెటీగ రాణి వచ్చి మీ కార్నివైన్‌ని ఒక్క దెబ్బకి పడేసిందంటే నాకేం ఆశ్చర్యంగా లేదు తమ్ముడూ, వేటాడే నోరు ఉన్నంత మాత్రాన ఒంటికి కవచం ఉన్నట్టు కాదు.

అన్నట్టు డ్రాసిరా మన తూర్పు కనుమల్లో కూడా ఉంది, ఇండికా, బర్మానై రెండూ. బర్మానై అయితే చాలా చిన్నగా నేలకి అంటుకుని ఉంటుంది, కాలి కింద ఉన్నా కనిపెట్టలేం. నెపంథిస్ మాత్రం ఇండియాలో ఒక్కటే జాతి, మేఘాలయ వైపు వెళ్ళాలి.

స్పీడ్46:
అక్కా సూపర్, ఆ గొంగళిపురుగుని పోకెమాన్ చేస్తే నేను కొంటా ఆ గేమ్.

పకోడీ బ్రో, నీ రెండో ప్రశ్నకి వస్తున్నా. తీసెయ్. కార్నివైన్ మొత్తం బేస్ స్టాట్స్, అంటే పుట్టుకతో వచ్చే బలాల లెక్క, 454, రోజరేడ్‌కి 515. అటాక్ 100, స్పెషల్ అటాక్ 90 అని చూసి మురిసిపోతారు గానీ స్పీడ్ 46, అంటే చాలావాటి కంటే తర్వాతే కదుల్తుంది, ఆలోపు ఆరన్ పని కానిచ్చేస్తాడు. పవర్ విప్ దొరుకుతుంది, పవర్ 120, బాగుంటుంది, కానీ యాక్యురసీ 85, ముఖ్యమైన టైమ్‌లోనే మిస్ అవుతుంది.

అన్నిటికంటే నాకు మండేది లెవిటేట్. దీనికున్న ఒకే ఒక్క ఎబిలిటీ (పుట్టుకతో వచ్చే ప్రత్యేక గుణం) అది, గాల్లో తేలుతుంది కాబట్టి గ్రౌండ్ మూవ్స్ తగలవు. గ్రాస్ టైప్‌కి గ్రౌండ్ ఎలాగూ సగమే తగుల్తుంది, ఆ సగాన్ని సున్నా చేయడానికి ఎబిలిటీ మొత్తం ఖర్చు పెట్టేశారు. అదీ పోనీ అనుకుంటే డెక్స్‌లో ఇది తీగలతో నడుచుకుంటూ పోయి చెట్టుకొమ్మకి వేలాడుతుందని రాశారు, మరి గాల్లో తేలడం ఎక్కడిది? విక్ట్రీబెల్‌ని చూడు, క్లోరోఫిల్, ఎండ కాస్తే స్పీడ్ డబుల్, వెదర్ బాల్ ఎండలో ఫైర్ టైప్ అయిపోతుంది కాబట్టి పురుగుల్ని కాల్చి పారేస్తుంది. 2025లో లెజెండ్స్ జెడ్-ఏలో దానికి మెగా రూపం కూడా ఇచ్చారు, యాసిడ్ నోరు నిండి పొర్లిపోయేంత. కార్నివైన్ అయితే స్వోర్డ్ షీల్డ్‌లో లేదు, స్కార్లెట్ వయొలెట్‌లోనూ లేదు, పట్టించుకున్న నాథుడే లేడు.

బగ్ సంగతి నిజంగా ఫిక్స్ చేయాలంటే చార్ట్ ముట్టుకోనక్కర్లేదు. ఫ్రీజ్ డ్రై అనే ఐస్ మూవ్ వాటర్ టైప్ మీద సూపర్ ఎఫెక్టివ్ కదా, మామూలుగా అయితే ఐస్‌ని వాటర్ తట్టుకోవాలి. అలాగే బగ్ మీద డబుల్ పడే కొరుకుడు మూవ్ ఒకటి దీనికి మాత్రమే ఇస్తే సరిపోయేది, అక్క చెప్పినట్టు నోరు వేరు ఒళ్ళు వేరు అన్న లెక్క కూడా కుదిరేది.

షార్లెట్_గోంగూర:
పట్టించుకున్న నాథుడే లేడు అంటే ఒప్పుకోను. పోకెమాన్ గో అనే ఫోన్ గేమ్‌లో కార్నివైన్ రీజినల్, మామూలుగా అమెరికా ఆగ్నేయం వైపే దొరుకుతుంది, ఫ్లోరిడా, జార్జియా, కరోలినాలు ఇటువైపు. మాకిక్కడ నార్త్ కరోలినాలో కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టేస్తాం, కానీ ఇండియా నుంచి చుట్టాలు వచ్చారంటే గుడి, కాస్ట్‌కో తర్వాత అడిగేది ఇదే, మా బావమరిది అయితే ఫ్లైట్ దిగి బ్యాగులు రాకముందే ఫోన్ తీశాడు.

వాళ్ళు దీన్ని ఇక్కడే పెట్టడానికి కారణం ఉంది. అసలు వీనస్ ఫ్లైట్రాప్ ప్రపంచం మొత్తంలో సహజంగా పెరిగేది నార్త్, సౌత్ కరోలినాల్లో విల్మింగ్టన్ చుట్టుపక్కల తీరం వైపు చిన్న ప్రాంతంలోనే. దొంగతనాలు ఎక్కువైపోయి 2014 చివర్లో ఇక్కడ చట్టం మార్చారు, అడవిలోంచి పీకితే ఫెలనీ, అంటే పెద్ద నేరం కేసే. కాబట్టి చూడ్డానికి వెళ్తే చూసి రండి, వేలు పెట్టి నోరు మూయించడాలు, సావనీర్ అని పీకడాలు వద్దు.

గోలో ట్రేడ్ అడిగేవాళ్ళకి, డెక్స్‌లో లేని పోకెమాన్ అయితే స్పెషల్ ట్రేడ్ కింద వస్తుంది, రోజుకి ఒక్కటే. గుడ్ ఫ్రెండ్ దగ్గర 20,000 స్టార్‌డస్ట్ (గేమ్‌లో ఖర్చు పెట్టే పాయింట్లు), అదే అల్ట్రా ఫ్రెండ్ అయితే 1,600, బెస్ట్ ఫ్రెండ్ అయితే 800. వచ్చేముందే గిఫ్ట్‌లు పంపుకుంటూ ఫ్రెండ్‌షిప్ పెంచుకోండి, వచ్చాక నా మీద పడొద్దు.

పకోడీ_పికాచు:
అక్కా, ఆ నోట్లో కూర్చుని నోటిని తినే పురుగు సంగతి మా ఇంట్లో అన్నం తినేటప్పుడు చెప్పా, తిట్లు పడ్డాయి.

స్పీడ్46 బ్రో, తీసెయ్ అన్నావ్ కదా, తీయలేదు. ఆరన్ గదిలో చిమ్‌చార్ ఎదిగి అయిన ఇన్ఫర్నేప్‌ని దింపి మంట పెట్టేశా, కార్నివైన్‌ని బయటికే తీయలేదు. రెండో గది బెర్తా, ఆమెవి క్వాగ్‌సైర్, విష్‌క్యాష్, గోలెమ్, సుడోవూడో, హిప్పోడాన్. ఐదింటి మీదా గ్రాస్ సూపర్ ఎఫెక్టివ్, అందులో మూడింటికి 4 రెట్లు. వాళ్ళు వేసే గ్రౌండ్ మూవ్స్ నీకు మండే ఆ లెవిటేట్ వల్ల ఒక్కటీ తగల్లేదు, పనికిరాని ఎబిలిటీ అన్నావ్!

స్పీడ్46:
సరే ఆ ఒక్క గదికి ఒప్పుకుంటా. మిగతా గేమ్ మొత్తం?

జెన్‌వన్_బాబాయ్:
మిగతా గేమ్ సంగతి తర్వాత, తమ్ముడూ మూడో గది ఫ్లింట్, నిప్పు పోకెమాన్‌లతో వస్తాడు. లోపలికెళ్ళే ముందు సేవ్ చేసుకుని కార్నివైన్‌ని లైన్లో ఆఖరికి పెట్టు, విక్ట్రీబెల్ ఉన్నా నేను అదే చెప్పేవాణ్ణి.